ఎర్త్ వైరుకు సంజాయిషీ నోటీసు

భుజంగరావుగారు గృహ విద్యుత్ పరికరాల భద్రతా మండలి ప్రాంతీయ సంచాలకులుగా ఛార్జి తీసుకోవడానికి మూడున్నర రోజులు పట్టింది. మొదటి రోజు కుర్చీలు లెక్కపెట్టుకున్నారు. రెండో రోజు బీరువాలు తెరిపించి లోపలివి లెక్కపెట్టి, మూయించి బీరువాలు లెక్కపెట్టారు. మూడో రోజు, జాబితాలో పన్నెండని రాసి ఉన్న గాజు గ్లాసులు పదకొండే తేలాయి. ఇక అంతే. పన్నెండో గ్లాసు కనిపించేదాకా కుర్చీలో కూర్చునేది లేదని ఆయన వరండాలో నిలబడిపోయారు. బదిలీ అయిన పాత సంచాలకులు, రైలు వేళ దాటిపోతోందని బజారుకు పరిగెత్తి ఒక గ్లాసు కొనుక్కొచ్చి చేతిలో పెడితే, వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది దాని బదులు వచ్చింది. అది కాదు" అని తిరిగి ఇచ్చేశారు.

నాలుగో రోజు పొద్దున అటెండరు అప్పలకొండ అసలు గ్లాసును పట్టుకొచ్చాడు. అది పరీక్షల గది కిటికీలో దొరికింది. అందులో నీళ్ళు, నీళ్ళలో మనీప్లాంటు కొమ్మ ఉన్నాయి. కొమ్మ తీయించి, గ్లాసు కడిగించి, అప్పుడు భుజంగరావుగారు సంతకం పెట్టారు.

"ఛార్జి అంటే ఆషామాషీ కాదయ్యా" అన్నారు కలానికి మూత పెడుతూ. "సంతకం పెట్టిన క్షణం నుంచీ అది మన మెడకు చుట్టుకుంటుంది. ముప్పై రెండేళ్ళ సర్వీసులో కళ్ళారా చూడనిదానికి నేను సంతకం పెట్టి ఎరగను."

కొమ్మ తాలూకు మనిషి నూకరత్నం దాన్ని కొబ్బరిచిప్పలోకి మార్చుకుంది.

నూకరత్నం ఆ ఆఫీసులో టెక్నీషియను. తుని అవతల ఒక చిన్న ఊళ్ళో పదో తరగతి చదివి, ఐటీఐ చేసి, పరీక్ష రాసి వచ్చింది. ఇస్త్రీ పెట్టెలు, మిక్సీలు, గీజర్లు తయారుచేసే కంపెనీలు తమ సరుకులో ఒకదాన్ని తెచ్చి ఆమె బల్ల మీద పెడతాయి. ఆమె మరలు విప్పి, లోపల ఉండాల్సినవన్నీ ఉన్నాయో లేవో చూసి, మీటరు పెట్టి, మళ్ళీ మరలు బిగించి, బాగుంటే బాగుందని, లేకపోతే లేదని రాస్తుంది. ఆ ఆఫీసులో ఆమె గొంతు విన్నవాళ్ళకంటే ఆమె మీటరు కూత విన్నవాళ్ళే ఎక్కువ.

భుజంగరావుగారు వచ్చిన వారానికి పై ఆఫీసు నుంచి సర్క్యులరు దిగింది.

"ప్రతి విద్యుత్ పరికరమునందు భద్రతకు కీలకమైన భాగములు ఏవియో ఇరువదియొక్క దినములలో గుర్తించి నివేదించవలెను. అట్లు గుర్తింపబడిన భాగములు మాత్రమే ఇకపై తప్పనిసరి. మిగిలినవి తయారీదారుల ఐచ్ఛికము. గుర్తింపునకు తగు కొలబద్దను ప్రాంతీయ స్థాయిలో రూపొందించుకొనవచ్చును."

భుజంగరావుగారి సర్వీసంతా సిబ్బంది విభాగాల్లోనే గడిచింది. కరెంటు గురించి ఆయనకు తెలిసినవి రెండే. వస్తుంది, పోతుంది. కానీ కొలబద్ద అన్న మాట చూడగానే ఆయన ముఖం వికసించింది. వెనకటి శాఖలో ఆయన ప్రతి ఉద్యోగి పక్కనా ఒక మనిషిని కూర్చోబెట్టి, రోజుకు ఎన్ని గంటలు పని చేస్తున్నాడో రాయించి, పనిలేని పోస్టులు రెండు వందల పన్నెండు ఎత్తేయించారు. అందుకు శాలువా కూడా కప్పారు. ఆ శాలువా ఇప్పటికీ కుర్చీ వీపున ఉంటుంది.

"కీలకం అంటే ఏమిటి?" అని సిబ్బందినంతా పిలిచి అడిగారు.

సూపరింటెండెంటు విశ్వపతి ఆలోచిస్తున్నట్టు తల ఊపాడు. ఆయన ఏ ప్రశ్నకైనా ముందు తల ఊపి, తర్వాత రూలు చూస్తాడు.

"ఎక్కువ పని చేసేది కీలకం. పని చెయ్యనిది మిగులు" అన్నారు భుజంగరావుగారు. "మనిషైనా అంతే, మరైనా అంతే. ప్రతి భాగానికీ పనిభారం మదింపు వేయండి. ఎనిమిది గంటలు కూర్చుని చూడాలి. పావుగంటకు తక్కువ చేసిన పని పని కాదు. దాన్ని 'లేదు' అని రాయాలి. రిమార్కుల గడిలో మూడు మాటలకు మించకూడదు. వెనకటి శాఖలో ఒకాయన రిమార్కుల గడిలో తన బాధలన్నీ రాసుకున్నాడు."

మొదటి మదింపుకు గీజరు దొరికింది. జిల్లాలోని బాలికల సంక్షేమ హాస్టళ్ళకు వెళ్ళాల్సిన నలభై రెండు గీజర్లలో ఒకటి అప్పటికే నూకరత్నం బల్ల మీద ఉంది. ఆ నలభై రెండింటిలో నాలుగు కొండల అంచున ఉన్న ఒక హాస్టలుకు వెళ్తాయి. నూకరత్నం చెల్లెలు లోవకుమారి అక్కడ పదో తరగతి చదువుతోంది. చలికాలంలో తెల్లవారుజామున తొట్టెలో నీళ్ళు ముట్టుకుంటే వేళ్ళు కొంకర్లు పోయే చోటు అది. "అక్కా, గీజర్లొస్తన్నాయంట గదా, నువ్వే చూస్తన్నావా?" అని లోవ వార్డెనుగారి ఫోనులోంచి అప్పటికి రెండుసార్లు అడిగింది.

నూకరత్నం ప్రొఫార్మా ముందు పెట్టుకుని, స్టూలు మీద కూర్చుని, పైమూత తీసిన గీజరును ఎనిమిది గంటలు చూసింది. చూడటం ఆమెకు చేతనైన పని. చిన్నప్పుడు జీడితోటకు కాపలా కూర్చున్న పిల్ల ఆమె.

నీళ్ళు కాచే కాయిలు వేడెక్కి శ్రమపడింది. మెయిన్ వైరు కరెంటును మోస్తూనే ఉంది. థర్మోస్టాటు నీళ్ళు కాగగానే టక్కున ఆగి, చల్లారగానే టక్కున లేచి, మధ్యలో సెలవులు పెట్టే గుమాస్తాలా గడిపింది. ముందువైపున్న ఎర్రదీపం మాత్రం పొద్దున పది గంటలకు వెలిగి సాయంత్రం ఆరింటిదాకా కన్ను మూయలేదు.

మిగిలినవి మూడు. నీళ్ళు మరీ సలసలా కాగిపోతే కరెంటు ఆపేసే కటౌటు. లోపల ఆవిరి ఒత్తిడి పెరిగితే వదిలేసే వాల్వు. కరెంటు దారితప్పి గీజరు ఒంటి మీదకు వస్తే దాన్ని నేలలోకి పంపేసే ఆకుపచ్చ ఎర్త్ వైరు. ఈ మూడూ ఎనిమిది గంటల్లో కదల్లేదు, మెదల్లేదు, చప్పుడు చెయ్యలేదు.

నూకరత్నం అబద్ధం రాసే మనిషి కాదు. మూడింటి ఎదురుగానూ "పని: లేదు" అని రాసింది. కాసేపు ఆలోచించి, ఎర్త్ వైరు రిమార్కుల గడిలో, "పని లేకపోవడమే దీని పని" అని రాసింది.

విశ్వపతి ఆ గడి మీద వేలు పెట్టి లెక్కపెట్టాడు. "నాలుగు మాటలున్నాయమ్మా. రూలు ఒప్పుకోదు" అని ఎర్రసిరాతో కొట్టేశాడు.

మరునాడు భుజంగరావుగారు ప్రొఫార్మా చదివి మురిసిపోయారు.

"చూశారా, ఎనిమిది గంటలకు ఎనిమిది గంటలూ! ఒక్క నిమిషం విరామం లేదు. దీని హాజరు చూడండి!" అన్నారు ఎర్రదీపాన్ని ఉద్దేశించి. దీపం అతి కీలక భాగమని అక్కడికక్కడే గుర్తించారు. ప్రశంసా పత్రం కూడా టైపు చేయించారు. దాన్ని దీపం ఉన్న చోటే అతికిస్తే దీపం కనిపించలేదు. పత్రానికి చిల్లు పెట్టి మళ్ళీ అతికించారు.

"ఈ మూడింటి సంగతేమిటి? ఎప్పటి నుంచి ఉన్నాయివి?"

"మొదట్నుంచీ సార్" అంది నూకరత్నం.

"మొదటి నుంచీ ఉండి ఒక్క గంటైనా పని చెయ్యలేదా! వీటిమీద ఇంతవరకూ చర్యే లేదా! సంజాయిషీ నోటీసులు ఇవ్వండి. ఏడు రోజుల గడువు."

నోటీసులు తయారయ్యాయి. వాటిని అందజేసే పని అప్పలకొండది. అతను పరీక్షల గదికి వచ్చి, గొంతు సవరించుకుని, ఎర్త్ వైరుకు నోటీసు చదివి వినిపించాడు. "సదరు నీవు విధులకు హాజరగుచునే విధులు నిర్వర్తింపకుండుట ఏల అపరాధముగా పరిగణింపరాదో" దగ్గర ఊపిరి తీసుకోవడానికి ఆగి నూకరత్నం వైపు చూశాడు.

"తీసుకోదంటావా, రత్నమ్మా?"

"దానికి చేతులెక్కడున్నాయి, కొండ బాబాయ్?"

"మరైతే అతికించెయ్యమన్నారు సూపరింటెండెంటుగారు." గీజరుకు అతికించి, "పుచ్చుకొనుటకు నిరాకరించినది" అని రాసి, సాక్షి సంతకం నూకరత్నం చేత పెట్టించుకున్నాడు. "పిచ్చి ముండావైరు. ఏదో ఒకటి అనొచ్చు గదా. మాట్లాడకపోతే వీళ్ళింకా రెచ్చిపోతారమ్మా."

ఈలోగా కొలబద్ద మీద భుజంగరావుగారికి మోజు పెరిగింది. వరండాలో వేలాడే ఇసుక బకెట్లకు మదింపు వేయించారు. కట్టిన రోజు నుంచీ వాటికి పని లేదు. దింపించేశారు. జీపు వెనక అదనపు చక్రం రెండేళ్ళుగా జీపెక్కి తిరగడమే తప్ప నేలమీద కాలు పెట్టలేదని తేలింది. తీయించేశారు. మెట్ల పక్క కమ్మీ దగ్గర ఒక రోజంతా మనిషిని నిలబెట్టారు. ఎక్కినవాళ్ళూ దిగినవాళ్ళూ నూటపదిమంది, జారిపడి పట్టుకున్నవాళ్ళు సున్నా. కమ్మీని కోయించారు. ట్రాన్స్‌ఫార్మరు దగ్గర "అపాయము" అన్న పుర్రె బొమ్మ రేకు పెట్టిన నాటి నుంచి అక్కడ ఒక్క అపాయమూ జరగలేదు కాబట్టి అది అసత్య ప్రకటన కిందికి వస్తుందని విశ్వపతి ఒక నోటు రాశాడు.

"అయ్యగారికి కూడా ఒక ప్రొఫార్మా వేస్తే?" అన్నాడు అప్పలకొండ టీ గ్లాసులు కడుగుతూ.

నూకరత్నం నవ్వి ఊరుకుంది. కానీ ఆ రోజు ఖాళీ దొరికినప్పుడల్లా అద్దాల తలుపులోంచి భుజంగరావుగారిని చూసింది. బెల్లు నలభై ఆరుసార్లు కొట్టారు. సంతకాలు పదకొండు. మిగిలిన సమయమంతా, పొద్దున పదింటి నుంచి సాయంత్రం ఆరింటి దాకా, వెలుగుతూనే ఉన్నారు. ఆయనకు దీపం ఎందుకు నచ్చిందో ఆమెకు అర్థమైంది.

ఏడు రోజుల గడువు అయిపోయింది. మూడు భాగాల్లో ఏదీ జవాబివ్వలేదు. ఏకపక్షంగా ఉత్తర్వులు ఇచ్చేయబోతుంటే నూకరత్నం విశ్వపతి గది గుమ్మంలో నిలబడింది.

"సార్, నోటీసు అందుకున్నవాళ్ళు మాట్లాడలేకపోతే వాళ్ళ తరఫున ఇంకొకరు మాట్లాడొచ్చని రూలుంది కద సార్?"

విశ్వపతి తల ఊపి, రూలు తీసి చూశాడు. ఉంది. ఉన్నందుకు కొంచెం నొచ్చుకున్నాడు. "సహోద్యోగి అయితే మాట్లాడవచ్చును" అని చదివి, "నువ్వు ఎర్త్ వైరుకు సహోద్యోగివా?" అన్నాడు.

"ఒక గదిలోనే పని చేస్తున్నాం సార్."

విచారణ గురువారం పదకొండు గంటలకు జరిగింది. విచారణాధికారి విశ్వపతి. గీజరును ఒక కుర్చీలో కూర్చోబెట్టారు. గీజర్ల కంపెనీ మేనేజరు రంగబాబు మరో కుర్చీలో కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు. ఉత్తర్వు రాగానే మూడు భాగాలూ లేకుండా నలభై రెండు గీజర్లూ బిగించి పంపేయడానికి అతని లారీ సిద్ధంగా ఉంది. మనిషి చెడ్డవాడు కాదు. పెట్టమంటే పెట్టేవాడు, అక్కర్లేదంటే మానేసేవాడు.

"నియామకం నాటి నుంచి నేటి వరకు సదరు వైరు ఒక్క పూటైనా పని చేసినట్లు దాఖలా ఉన్నదా?" అని విశ్వపతి అడిగాడు.

"లేదు సార్. అది పని చేసిందంటే లోపల ఏదో చెడిపోయినట్టు. అప్పుడు..."

"లేదు అన్నారు. రాసుకోండి."

"చెడిపోతే ఏమవుతుందో చూపిస్తాను సార్. ఒక పాత గీజరు ఇప్పించండి. లోపలి తీగ నేనే పెట్టెకు తగిలిస్తాను. ఈ వైరు ఉంటే ఏమవుతుందో, లేకపోతే ఏమవుతుందో మీటరు మీద మీరే చూడండి."

"అంటే మండలి ఆధీనంలో ఉన్న వస్తువును బుద్ధిపూర్వకంగా చెడగొడతానంటావు."

"చూపించడానికి సార్."

"చూడమ్మా" అన్నాడు విశ్వపతి, చిన్నపిల్లకు చెప్పినట్టు. "నువ్వు చెడగొట్టి, దాన్ని వైరు ఆపితే, అది వైరు చేసిన పని ఎలా అవుతుంది? నువ్వు పుట్టించిన పని. చెడు దానంతట అది రావాలి. ఆఫీసు వేళల్లో రావాలి. ఇద్దరు సాక్షుల ఎదుట రావాలి. అప్పుడు వైరు పని చేస్తే తప్పకుండా సానుభూతితో పరిశీలిస్తాం."

"మా చెల్లి ఆ హాస్టల్లోనే ఉంది సార్. తడిచేతుల్తో కుళాయి పట్టుకుంటారు సార్, పిల్లలు."

"విచారణలో బంధుత్వాలు తేకూడదు" అన్నాడు విశ్వపతి. నిజంగానే బాధపడ్డాడు, రూలు తెలియని పిల్ల కదా అని.

అదే సాయంత్రం ఉత్తర్వులు వచ్చాయి. కటౌటు, వాల్వు, ఎర్త్ వైరు మిగులుగా గుర్తింపబడినవి. మూడింటినీ సోమవారం నాటికి విధుల నుండి విడుదల చేయవలెను. అదే కాగితం మీద కింద నాలుగో పేరు ఉంది: కుమారి నూకరత్నం, టెక్నీషియను. గడిచిన సంవత్సరంలో సదరు ఉద్యోగి తిరస్కరించిన పరికరములు సున్నా. ఆమె మరలు విప్పి చూస్తుందని తెలిసి కంపెనీలు బాగున్నవే తెచ్చేవి. ఆ సంగతి రాయడానికి ప్రొఫార్మాలో గడి లేదు.

తన పేరు చూసి నూకరత్నం ఏమీ అనుకోలేదు. ఎర్త్ వైరు పేరును మాత్రం మళ్ళీ మళ్ళీ చదివింది. దాని మీద సాక్ష్యం రాసింది తనే. పని లేదని తన చేత్తో, తన గుండ్రటి అక్షరాలతో రాసింది.

"బాధపడకు రత్నమ్మా" అన్నాడు అప్పలకొండ. "విడుదల చెయ్యడమంటే మాటలా? ఇరవయ్యేళ్ళ క్రితం నాకు మా ఊరికి బదిలీ అయింది. నా దగ్గర చెడిపోయిన సైక్లోస్టైలు మిషనొకటి ఉండేది. దాని ఛార్జి ఎవడూ తీసుకోలేదు. ఎవడి కాళ్ళు పట్టుకున్నా తీసుకోలేదు. పద్నాలుగు నెలలు నన్ను వదల్లేదమ్మా. ఈలోగా బదిలీ రద్దయిపోయింది. మా ఆవిడ ఇప్పటికీ ఆ మిషన్ని తిడతాది."

నూకరత్నం అతని వైపు చూసింది. తర్వాత కిటికీలోని కొబ్బరిచిప్ప వైపు చూసింది. ఆ కొమ్మ అంతకుముందున్న గాజు గ్లాసు, అది దొరికేదాకా ఆగిన సంతకం గుర్తొచ్చాయి. ఆ తర్వాత ఒక తెల్లకాగితం తీసుకుని గీతలు గీయడం మొదలుపెట్టింది.

సోమవారం పొద్దున, రంగబాబు లారీ గేటు దగ్గర ఆగేసరికి, విశ్వపతి బల్ల మీద మూడు కాగితాలు ఉన్నాయి. పైనున్నది ఎర్త్ వైరుది.

"ఛార్జి అప్పగింత జాబితా.
ఒకటి: గీజరు లోపల కరెంటు దారితప్పి పెట్టె మీదకు వచ్చినచో, ఆ కరెంటును తన ఒంటి మీదుగా నేలలోనికి పంపుట.
రెండు: ఆ సమయమున కుళాయి పట్టుకొనియున్న మనిషి ఒంటి మీదుగా పోనీయకుండుట.
మూడు: పై విధులకు వేళలు లేవు. సెలవులు లేవు.
ఛార్జి అప్పగించువారు: ఎర్త్ వైరు.
ఛార్జి తీసుకొనువారు:"

ఆ తర్వాత ఖాళీ.

"ఇదేమిటి?" అన్నాడు విశ్వపతి.

"విడుదల చెయ్యాలంటే ఛార్జి ఎవరో ఒకరు తీసుకోవాలి కద సార్. సంతకం చేసేస్తే నేనే వైరు విప్పేసి ఇస్తాను."

విశ్వపతి తల ఊపాడు. రూలు చూడనక్కర్లేదు. ఆ రూలు ఆయనకు నోటికి వచ్చు. "ఎవరైనా ఒకటే. అప్పలకొండా, ఇక్కడ సంతకం పెట్టు."

"ఆయ్, నేను ఫిబ్రవరిలో రిటైరండి" అన్నాడు అప్పలకొండ రెండడుగులు వెనక్కి వేసి. "ఇది తీసుకుంటే నన్నింక వదలరండి బాబూ. నేను పోయినా వదలరండి."

"రంగబాబుగారూ, మీ కంపెనీ తరఫున తీసుకోండి. మీ వస్తువే కదా."

రంగబాబు కలం తీసి, జాబితా చదివి, రెండో అంశం దగ్గర కలం జేబులో పెట్టేసుకున్నాడు. "మనిషి ఒంటి మీదుగా పోనీయకుండా నేనేం చెయ్యగలనండీ? నేను రాత్రిళ్ళు ఇంట్లో ఉంటాను. ఇంటిదగ్గర చిన్నపిల్లలున్నారు. అవసరమైతే ఇంకో నాలుగు వైర్లు పెట్టమనండి, పెడతాను. సంతకం మాత్రం నన్నడక్కండి."

కాగితాలు భుజంగరావుగారి దగ్గరికి వెళ్ళాయి. ఆయన ఒకసారి చదివారు. కళ్ళద్దాలు తుడుచుకుని ఇంకోసారి చదివారు. ముప్పై రెండేళ్ళలో కుర్చీలకు, బీరువాలకు, గ్లాసులకు ఛార్జి తీసుకున్న మనిషి. ఇలాంటి జాబితా ఆయన చూడలేదు.

"ఒంటి మీదుగా అంటే ఎవరి ఒంటి మీదుగా?" అన్నారు చివరికి.

"ఛార్జి తీసుకున్నవాళ్ళ ఒంటి మీదుగా సార్" అంది నూకరత్నం.

భుజంగరావుగారు కాగితాన్ని తన ముందు నుంచి కొంచెం దూరం జరిపారు.

"దీపానికి పూర్తి అదనపు బాధ్యతలు ఇస్తే?"

"దీపం సంతకం పెట్టలేదు సార్."

"వార్డెను?"

"ఆవిడ వేరే శాఖ సార్" అన్నాడు విశ్వపతి. "అంతర్‌శాఖా బదలాయింపుకు సచివాలయం అనుమతి కావాలి."

భుజంగరావుగారు కాస్త గొంతు తగ్గించారు. "వాడుకునేది బాలికలే కదా. వాళ్ళనే తీసుకోమంటే? ఎవరి కుళాయికి వారు."

"మైనర్లు సార్" అన్నాడు విశ్వపతి. "వాళ్ళ సంతకం చెల్లదు. రూలు ఒప్పుకోదు."

ఆ ఒక్క రూలుకు నూకరత్నం మనసులోనే రెండు చేతులతో దణ్ణం పెట్టుకుంది.

"నువ్వే తీసుకోవచ్చు కదమ్మా" అన్నారు భుజంగరావుగారు, హఠాత్తుగా వెలిగి.

"నన్ను కూడా ఇవాళే విడుదల చేశారు కద సార్" అని ఆమె నాలుగో కాగితం తీసి బల్ల మీద పెట్టింది. "ఇది నా ఛార్జి జాబితా."

అది చిన్నది. మీటరు ఒకటి. స్క్రూడ్రైవర్లు ఐదు. బాగోలేని వస్తువును బాగోలేదని రాయుట. మార్చి రాయమన్నవారికి మార్చనని చెప్పుట.

విశ్వపతి మీటరు, స్క్రూడ్రైవర్లు చూసి ఉత్సాహంగా కలం తీశాడు. చివరి అంశం చదివాడు. భుజంగరావుగారి ముఖం వంక చూశాడు. కలానికి మూత పెట్టేశాడు.

ఆ మధ్యాహ్నం కొత్త ఉత్తర్వులు వచ్చాయి. "ఛార్జి తీసుకొను అధికారి లభ్యమగు వరకు కటౌటు, వాల్వు, ఎర్త్ వైరు మరియు కుమారి నూకరత్నం మిగులు హోదాలోనే తమ తమ స్థానములలో కొనసాగవలెను. తదుపరి ఉత్తర్వులు వెలువడునంతవరకు వీనిని ఎవరును కదల్చరాదు." రంగబాబు లారీ నలభై రెండు గీజర్లతో, అన్ని భాగాలతో బయల్దేరింది. వాటి ముందువైపు ఎర్రదీపాల చుట్టూ చిల్లు పెట్టిన ప్రశంసా పత్రాలు ఉన్నాయి.

డిసెంబరు రెండో వారంలో ఒక ఉదయం ఆరింటికి నూకరత్నం ఫోను మోగింది.

"ఏటక్కా మీ గీజరూ! ఉత్త దండగ గీజరు!" లోవకుమారి గొంతు వణుకుతోంది, చలికి. "సరిగ్గా నా వంతు వచ్చేసరికి ఆగిపోయింది. టప్పుమని ట్రిప్పయిపోయి వరసంతా లైట్లు కూడా పోయాయి. వార్డెనుగారు నేనే ఏదో చేశానని తిట్టారు. నేనేం చేశానే? ఊరికే కుళాయి తిప్పాను."

నూకరత్నం మంచం మీద లేచి కూర్చుంది. "అప్పుడు కుళాయి పట్టుకునే ఉన్నావా?"

"పట్టుకోకపోతే నీళ్ళెలా వస్తాయి?"

"చేతులు తడిగా ఉన్నాయా?"

"స్నానానికెళ్ళి పొడిచేతుల్తో ఉంటానా? ఏం ప్రశ్నలే ఇవి?"

"నీకేం అవలేదు కదా, లోవా?"

"ఏం అవుద్ది? చన్నీళ్ళు పోసుకున్నాను. పళ్ళు టకటకా కొట్టుకుంటన్నాయి. ఎన్నిసార్లు చెప్పాను మంచిదాన్ని చూసి పంపమని! ఏటే మాట్లాడవు? అక్కా? లైన్లో ఉన్నావా?"

"ఉన్నాను" అంది నూకరత్నం. "తల తుడుచుకో. స్వెట్టరు వేసుకో. ఆ గీజరు జోలికి ఎవరూ వెళ్ళొద్దని చెప్పు."

నాలుగు రోజుల తర్వాత గీజరు, దానితోపాటు ఫిర్యాదు ఆఫీసుకు వచ్చాయి. "తమరు ధ్రువీకరించిన పరికరము స్నాన సమయమున దానంతట అదే పని మానివేసినది." భుజంగరావుగారు గీజరు ముందు చాలాసేపు నిలబడ్డారు. ఎర్రదీపం ఆరిపోయి ఉండటం చూసి ఆయన మనసు కలుక్కుమంది. "ఇంత కష్టపడే భాగాన్ని పని చెయ్యనియ్యకుండా చేసింది ఎవరో తేల్చండి. నాకు ఆ మూడింటి మీదే అనుమానం" అని మదింపుకు ఆదేశించారు.

నూకరత్నం మరలు విప్పింది. కాయిలు గొట్టం సన్నగా, వెంట్రుకంత మేర చీలి ఉంది. కరెంటు అందులోంచే బయటికి వచ్చింది. నీళ్ళలోకి, పెట్టెలోకి, పెట్టెకు తగిలించిన కుళాయిలోకి వచ్చింది. ఎర్త్ వైరు చివర, మర కింద నొక్కి పట్టిన చోట, ఆకుపచ్చ తొడుగు గోరంత మేర నల్లబడి ఉంది. దాని మీద వేలు పెట్టి కాసేపు అలాగే ఉంచింది.

తర్వాత ప్రొఫార్మా తీసుకుంది. భాగము పేరు: ఎర్త్ వైరు. పని చేసిన సమయం రెప్పపాటులో సగం కూడా ఉండదు; ఆలోపే కరెంటును నేలలోకి లాగేసి లైను ట్రిప్పయ్యేలా చేసింది. పావుగంటకు తక్కువైతే ఏం రాయాలో నిబంధన ఉంది. "పని: లేదు" అని రాసింది. రిమార్కుల గడి దగ్గర కలం ఆపి, ఒకసారి వేళ్ళ మీద లెక్కపెట్టుకుని, రాసింది.

సాయంత్రం విశ్వపతి ప్రొఫార్మా పరిశీలించాడు. రిమార్కుల గడి దగ్గర ఆగాడు.

"లోవ చన్నీళ్ళు పోసుకుంది."

రెండుసార్లు చదివాడు. ఎర్రసిరా కలం తీసి, దాని కొసతో ఒక్కొక్క మాటనూ తాకుతూ లెక్కపెట్టాడు. మూడే ఉన్నాయి. టిక్కు పెట్టి ఫైల్లో పెట్టేశాడు.